గోతిలోని మనిషి: తొలి ఇంగ్లీషు వలసల్లో నీటి రంపాలు

తెలుగులో ఓర్వలేని బాధకు ‘రంపపు కోత’ అని పేరు. ఆ నుడికారంలో తెగుతున్న మాను బాధ వినిపిస్తుంది గాని, రంపం లాగుతున్న మనిషి బాధ వినిపించదు. సామిల్లులు రాకముందు మన ఊళ్ళలో పెద్ద దుంగను పలకలుగా కోయాలంటే, దాన్ని ఎత్తైన దిమ్మల మీదికో తవ్విన గోతి మీదికో చేర్చి, పైన ఒకడు, కింద ఒకడు నిలబడి పొడవాటి రంపాన్ని నిలువుగా లాగేవారు. పైవాడు గీత తప్పకుండా చూసుకొనేవాడు. కిందివాడు తలెత్తి లాగేవాడు. అతని కళ్ళలో, నోట్లో, చెమట పట్టిన మెడ మీద పొట్టు రాలుతూ ఉండేది. ఈ ఏర్పాటు మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులోనూ శతాబ్దాల తరబడి ఇదే పద్ధతి నడిచింది.

ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఆ కిందివాడి కథ. పదిహేడవ శతాబ్దంలో, అమెరికా తూర్పు తీరాన ఇంగ్లీషువారు ఏర్పరచుకున్న తొలి వలసల్లో, సెలయేటి నీరు అతన్ని గోతిలో నుంచి బయటికి లాగింది. నీటితో నడిచే రంపపు మిల్లుల చరిత్రను సాధారణంగా యంత్రం సాధించిన విజయంగా రాస్తారు. ఆ విజయాన్ని నేను కాదనను. అయితే ఆ గొయ్యి అలాగే ఖాళీగా ఉండిపోయిందా, లేక మరెవరైనా అందులోకి దిగవలసి వచ్చిందా అన్న ప్రశ్న వేసుకొని చదివితే, అదే చరిత్ర వేరుగా కనిపిస్తుంది.

ఇంగ్లీషులో దుంగ మీద నిలబడేవాణ్ణి టాప్ సాయర్ అనీ, గోతిలో ఉండేవాణ్ణి పిట్‌మన్ అనీ పిలిచేవారు. పైవాడు నేర్పరి. కోత వంకర పోకుండా చూడవలసిన బాధ్యత అతనిది. అందుకే ‘టాప్ సాయర్’ అన్న మాట తరువాతి కాలంలో ఆ భాషలో ఆరితేరినవాడికి, పైస్థాయి మనిషికి పర్యాయపదమైంది. పిట్‌మన్‌కు అంతటి భాగ్యం కలగలేదు. ఆ పేరు వేరొక దారిన బతికింది. ఆ సంగతి చివరలో చెబుతాను.

రంపాన్ని మనిషి చేతి నుంచి తప్పించి నీటికి అప్పగించాలన్న ఆలోచన చాలా పాతది. ఇప్పటి టర్కీలోని హియెరాపోలిస్‌లో క్రీస్తుశకం 3వ శతాబ్దపు శవపేటిక ఒకటి దొరికింది. నీటిచక్రంతో నడుస్తూ రాళ్ళను కోసే రంపాల శిల్పం దాని మీద చెక్కి ఉంది. 13వ శతాబ్దంలో ఫ్రెంచి దేశస్థుడు విలార్ ద ఒనెకూర్ తన చిత్రాల పుస్తకంలో కట్టెను కోసే నీటి రంపం బొమ్మ గీశాడు. అందులో చక్రం రంపాన్ని కిందికి లాగితే, వంచి కట్టిన కొమ్మ స్ప్రింగులాగా దాన్ని మళ్ళీ పైకి లాగుతుంది. దుంగ కూడా దానంతట అదే ముందుకు జరుగుతుంది. 16వ శతాబ్దం నాటికి నార్వే వాగుల మీద ఇటువంటి మిల్లులు విరివిగా వెలిశాయి. 1594లో హాలండులో కోర్నెలిస్ కోర్నెలిస్జోన్ అనే అతను గాలిమరతో రంపాన్ని నడిపించాడు. ఆ దేశం నౌకానిర్మాణంలో అందరినీ మించిపోవడానికి ఆ గాలి రంపాలు ఎంతో తోడ్పడ్డాయి.

మరి ఇంగ్లండు మాటేమిటి? పిండి విసరడానికి, ఉన్ని బట్టను దట్టం చేయడానికి, కొలిమి తిత్తులు ఊదడానికి ఆ దేశం నీటిచక్రాలను శతాబ్దాలుగా వాడుతూనే ఉంది. రంపాన్ని మాత్రం చక్రానికి కట్టలేదు. ఇది తెలివితక్కువతనం కాదు. దాని వెనుక మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, కోయడానికి పెద్ద అడవులు మిగలలేదు. రెండవది, ఇళ్ళకు కావలసిన మెత్తని పలకలు నార్వే మిల్లుల్లో కోసినవే ఓడల్లో చవకగా దిగేవి. 1666లో లండను నగరం తగలబడ్డప్పుడు నార్వేవాళ్ళు ఆ మంట దగ్గర చలి కాచుకున్నారన్న సామెత పుట్టింది. మళ్ళీ ఇళ్ళు కట్టుకోవడానికి లండను వారు కలప కొన్నది అక్కడి నుంచే కదా. మూడవది, కోతపని చేసే చేతులకు కొరత లేదు. ఆ చేతులకు తమ పొట్ట పోతుందన్న భయమూ ఉంది. మనుషులు చవకగా దొరికేచోట యంత్రానికి డబ్బు పెట్టేవాడెవడు?

ఇక అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ చెట్లకు అంతు లేదు. మనుషులు లేరు. మసాచుసెట్స్ బే వలస ఏర్పడిన 1630లోనే అక్కడి పాలకులు వడ్రంగులు, తాపీపనివారు, కోతగాళ్ళు రోజుకు 2 షిల్లింగులకు మించి కూలి తీసుకోరాదని ఉత్తర్వు చేశారు. అటువంటి ఉత్తర్వు అవసరమయిందంటేనే కోతగాడు అడిగినంత ఇచ్చుకోవలసి వచ్చేదని అర్థం. ఉత్తర్వులతో కూలి తగ్గలేదు. సముద్రం దాటి వచ్చిన ప్రతివాడికీ సొంత భూమి మీద ఆశ. గోతిలో దిగి రంపం లాగడానికి ఎవరు నిలుస్తారు?

మొదటి ప్రయత్నం దక్షిణాన, వర్జీనియాలో జరిగింది. 1607లో జేమ్స్‌టౌన్ స్థాపించిన వర్జీనియా కంపెనీకి తొలినాళ్ళ నుంచీ కలప మీద కన్ను. రంపపు మిల్లు కట్టడం తెలిసిన ఇంగ్లీషువాడు దొరకడం కష్టం గనుక, 1620లో జర్మనీలోని హాంబర్గ్ నుంచి పనివాళ్ళను రప్పించి ఓడ ఎక్కించారు. అక్కడి జ్వరాలకు వారిలో పలువురు చనిపోయారు. 1622 మార్చిలో స్థానిక పౌహాటన్ ప్రజలు వలస మీద దాడి చేసి 347 మందిని చంపారు. మిల్లుల ఆలోచన దానితో వెనకబడింది. తమ దేశంలో తామే వద్దనుకున్న యంత్రానికి పరదేశి పనివాడే దిక్కు కావడం ఈ కథలో మొదటి వింత.

నిలిచిన ప్రయత్నం ఉత్తరాన జరిగింది. ఇప్పటి మెయిన్ రాష్ట్రంలో సౌత్ బెర్విక్ అనే ఊరు ఉంది. ఆ ప్రాంతానికి అప్పటి పేరు న్యూయిచవానక్. 1634లో కెప్టెన్ జాన్ మేసన్ అనే భూస్వామి జేమ్స్ వాల్, విలియం చాడ్‌బోర్న్, జాన్ గోడార్డ్ అనే ముగ్గురు వడ్రంగులను ‘పైడ్ కౌ’ అనే ఓడలో అక్కడికి పంపాడు. వాళ్ళు ఒక చిన్న యేటి జలపాతం దగ్గర రంపపు మిల్లు ఒకటి, ధాన్యం దంచే మిల్లు ఒకటి కట్టారు. మరుసటి యేడు, 1635లో, మేసన్ చనిపోయాడు.

ఇంత వివరంగా మనకు ఎలా తెలిసిందంటే, కోర్టు తగాదా పుణ్యమా అని. తరువాతి కాలంలో ఆ జలపాతం ఎవరిదన్న వివాదం వచ్చినప్పుడు, జేమ్స్ వాల్ 1652లో వాంగ్మూలం ఇచ్చాడు. ఫలానా సంవత్సరం వచ్చాము, ఫలానా చోట మిల్లు కట్టాము, మూడు నాలుగేళ్ళు నిమ్మళంగా అనుభవించాము అని అతను చెప్పిన మాటలు దస్తావేజుల్లో నిలిచాయి. మన జిల్లా కోర్టుల పాత దావా కాగితాలు తిరగేసినవారికి ఈ సంగతి కొత్త కాదు. చెరువు తూము మీద, కాలువ వంతు మీద పోట్లాట జరిగితే తప్ప, దాన్ని కట్టినవాడి పేరు కాగితానికి ఎక్కదు.

*

ఇంతకీ ఆ మిల్లు ఎలా పని చేసేది? మనకు అలవాటైన గుండ్రటి రంపం దానికి లేదు. గుండ్రటి రంపాలు అమెరికా మిల్లుల్లో వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దంలో. అంతకు ముందున్నది గోతిరంపం వంటి నిలువు రంపమే. దాన్ని కిటికీ చట్రం వంటి కొయ్య చట్రంలో బిగించి, ఆ చట్రం రెండు గాడుల మధ్య కిందికీ పైకీ ఆడేలా అమర్చేవారు. అడుగున నీటిచక్రం. అది మన ఊహలో ఉండే పెద్ద చక్రం కాదు. వ్యాసం తక్కువ, వెడల్పు ఎక్కువ. ఎత్తు నుంచి ఉరికే నీరు తగిలి అది గిరగిరా తిరుగుతుంది. చక్రపు ఇరుసు కొసన ఇనుప క్రాంకు. ఆ క్రాంకుకూ రంపపు చట్రానికీ మధ్య ఒక పొడుగాటి కొయ్య కాడి. క్రాంకు ఒకసారి తిరిగితే రంపం ఒకసారి దిగి లేస్తుంది. నిమిషానికి నూరు దెబ్బలకు అటూ ఇటూ.

దుంగ ఒక బల్లబండి మీద పడుకొని ఉంటుంది. రంపం లేచిన ప్రతిసారీ ఒక కొక్కెం పళ్ళచక్రాన్ని ఒక పన్ను నెడుతుంది. బండి కొద్దిగా ముందుకు జరుగుతుంది. అంటే దుంగను నెట్టడానికీ మనిషి అక్కరలేదు. ఒక మనిషి, ఒక కుర్రాడు ఉంటే మిల్లు నడుస్తుంది. గోతిలో ఇద్దరు రోజంతా కష్టపడి కోసినదానికి అది ఎన్నో రెట్లు కోసేది.

మసాచుసెట్స్‌లోని ఓల్డ్ స్టర్‌బ్రిడ్జ్ విలేజ్ అనే ప్రదర్శనశాలలో ఇటువంటి మిల్లును పునర్నిర్మించారు. దాని ముందు నిలబడ్డప్పుడు నన్ను ఆకట్టుకున్నది వేగం కాదు, నింపాదితనం. ఇప్పటి సామిల్లులో చెవులు చిల్లులు పడే కీచు ఉంటుంది. ఇక్కడ వినిపించింది దంపుడు పాట వరసలాంటి ఒక లయ. ధడ్, ధడ్ మని రంపం దిగుతుంది, దుంగ అంగుళంలో కొంత జరుగుతుంది, మళ్ళీ దిగుతుంది. ఆ పలక మీద అడ్డంగా, సమాన దూరంలో, తిన్నని గీతలు పడతాయి. చేతికోత గీతలు ఒకదానికొకటి పొందికలేకుండా వాలి ఉంటాయి. గుండ్రటి రంపపు గీతలు చంద్రవంకల్లాగా ఉంటాయి. న్యూ ఇంగ్లండులో పాత ఇంటి వయసు కట్టాలనుకున్నవారు అటకెక్కి మొదట చూసేది ఈ గీతలనే. మరో గుర్తు కూడా ఉంది. దుంగ చివర కొన్ని అంగుళాలు రంపానికి అందకుండా వదిలేసేవారు. తరువాత గొడ్డలితో చీల్చి పలకలను విడదీసేవారు. ఆ చీలిన కొస పాత పలకల చివర నేటికీ గరుకుగా చేతికి తగులుతుంది.

ఈ మిల్లుకు కావలసినవి నాలుగు: జలపాతం, అడవి, ఇనుము, పెట్టుబడి. మొదటి రెండూ ఉచితంగా ఉన్నాయనుకున్నారు. ఉచితమా కాదా అన్నది తరువాత చూద్దాం. చలికాలంలో మంచు మీద ఎడ్లతో దుంగలు ఈడ్చి వాగు ఒడ్డుకు చేర్చడం, వసంతంలో మంచు కరిగి నీరు పొంగగానే రాత్రింబగళ్ళు కోయడం, వేసవిలో నీరు తగ్గితే వ్యవసాయం చూసుకోవడం. ఇదీ అక్కడి సంవత్సరం. 1665 నాటికి ఆ పిస్కాటక్వా నదీ ప్రాంతంలో ఇరవైకి మించి రంపపు మిల్లులు ఉన్నాయని ఇంగ్లండు రాజు పంపిన విచారణాధికారులు నివేదించారు. అదే సమయానికి మాతృదేశంలో పిట్‌మన్ ఇంకా గోతిలోనే ఉన్నాడు.

*

1651లో న్యూయిచవానక్ మిల్లు స్థలం రిచర్డ్ లీడర్ అనే అతని చేతికి వచ్చింది. అంతకు ముందు అతను మసాచుసెట్స్‌లోని సాగస్ ఇనుప కార్ఖానాకు అధికారి. అతను ఇక్కడ ఒకేసారి అనేక రంపాలు ఆడే పెద్ద మిల్లు కట్టించాడు. రంపాలు పద్దెనిమిదో పందొమ్మిదో ఉండేవని స్థానిక చరిత్రలు చెబుతాయి. జనం దాన్ని ‘గ్రేట్ వర్క్స్’ అన్నారు. ఆ వాగు పేరు ఈనాటికీ గ్రేట్ వర్క్స్ నదే. మిల్లు పోయింది, పేరు నీటికి అంటుకుంది.

ఇంత పెద్ద మిల్లుకు రంపం లాగేవాడు అక్కరలేదు. కాని చెట్టు నరకడానికి, కొమ్మలు కొట్టడానికి, ఎడ్లు తోలడానికి, కట్ట తెగితే మంచునీటిలో దిగి పూడ్చడానికి, పలకలు మోసి పడవకెక్కించడానికి మనుషులు కావాలి. మిల్లు ఎంత వేగంగా కోస్తే అంత ఎక్కువమంది కావాలి. గోతిలో పని తగ్గింది, గోతి చుట్టూ పని పెరిగింది. ఈ మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు?

1650 సెప్టెంబరు 3న స్కాట్లండులోని డన్‌బార్ దగ్గర క్రామ్‌వెల్ సైన్యం స్కాటిష్ సైన్యాన్ని ఓడించింది. వేలమంది పట్టుబడ్డారు. వారిని దక్షిణానికి నడిపించి డరమ్ కెథెడ్రల్‌లో బంధించారు. ఆకలితో, రక్తవిరేచనాలతో అక్కడ సుమారు 1,600 మంది చనిపోయారు. ప్రాణాలతో మిగిలినవారిలో 150 మందిని ‘యూనిటీ’ అనే ఓడ ఎక్కించి అమెరికా పంపారు. ఓడ ఆ యేడు డిసెంబరులో బోస్టను చేరింది. ఒక్కొక్కరి ప్రయాణానికి అయిన ఖర్చు 5 పౌన్లు. అక్కడ వారి శ్రమను అమ్మిన ధర 20 నుంచి 30 పౌన్లు. కొందరు సాగస్ ఇనుప కార్ఖానాకు వెళ్ళారు. కొందరిని గ్రేట్ వర్క్స్ మిల్లుకు తెచ్చారు.

వీరు బానిసలు కారు అని ఆనాటి బోస్టను మతాచార్యుడు జాన్ కాటన్ 1651లో క్రామ్‌వెల్‌కు జాబు రాశాడు. ఆరు, ఏడు, ఎనిమిదేళ్ళ గడువు పెట్టారనీ, ఇళ్ళు కట్టించి ఇచ్చారనీ అతని వివరణ. గడువు నిజమే. అది తీరిన తరువాత వారిలో పలువురికి ఆ చుట్టుపక్కల భూములు కూడా దక్కాయి. పొరుగున ఉన్న యార్క్ అనే ఊళ్ళో ఒక పేటకు నేటికీ స్కాట్లండ్ అనే పేరు ఉంది. బెర్విక్ ప్రాంతాన్ని కొంతకాలం యూనిటీ పారిష్ అన్నారు. తమను సంకెళ్ళతో తెచ్చిన ఓడ పేరే తమ ఊరి పేరయితే ఆ మాటను వాళ్ళు ఏ గొంతుతో పలికేవారో! 2013లో డరమ్‌లో ఒక నిర్మాణం కోసం తవ్వుతుండగా సామూహిక సమాధులు బయటపడ్డాయి. ఆ ఎముకలు డన్‌బార్ ఖైదీలవేనని 2015లో విశ్వవిద్యాలయం ప్రకటించింది. 2018లో వాటిని తిరిగి ఖననం చేశారు. గ్రేట్ వర్క్స్‌లో దుంగలు మోసినవారు వీళ్ళ తోటి సిపాయిలే.

కోసిన పలకలు ఎక్కడికి పోయాయి? కొన్ని ఇళ్ళయ్యాయి, కొన్ని ఓడలయ్యాయి. పెద్ద గిరాకీ మాత్రం దక్షిణాన కరీబియన్ దీవుల నుంచి వచ్చింది. 1640ల నుంచి బార్బడోస్‌లో చెరకు తోటలు విస్తరించాయి. తోటల కోసం దీవిలోని చెట్లన్నీ నరికేసిన యజమానులకు ఇంటి పలక దగ్గర నుంచి పీపా చెక్క దాకా అన్నీ బయటి నుంచే రావాలి. న్యూ ఇంగ్లండు కలప, ఎండుచేప అటు పోయేవి. బెల్లపుపాకం, రమ్ము ఇటు వచ్చేవి. ఆ చెరకును నరికి పిండినది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారు. పిస్కాటక్వా వాగు మీద ఆడిన రంపానికి, బార్బడోస్ గానుగకు మధ్య ఇంత దగ్గరి చుట్టరికం ఉంది.

పెద్ద చెట్ల మీద మాత్రం రాజుగారి కన్ను పడింది. అక్కడి తెల్ల పైను నూరు, నూటయాభై అడుగుల ఎత్తు నిటారుగా పెరుగుతుంది. యుద్ధనౌకల తెరచాప స్తంభాలకు అంతకంటె మేలైన మాను లేదు. 1691 మసాచుసెట్స్ శాసనపత్రంలో, నేలకు 12 అంగుళాల ఎత్తున 24 అంగుళాల వ్యాసం ఉండి, ప్రైవేటు భూమిలో లేని ప్రతి చెట్టూ రాజుదేనని రాశారు. నరికితే చెట్టుకు 100 పౌన్ల జరిమానా. మిల్లువాళ్ళు దీన్ని లెక్కచెయ్యలేదు. 1734లో న్యూ హాంప్‌షైర్‌లోని ఎక్సెటర్‌లో, దొంగకలప పట్టుకోవడానికి వచ్చిన రాజోద్యోగుల మనుషులను స్థానికులు ఆదివాసుల వేషాలు వేసుకొని చితకబాదారు. 1772 ఏప్రిల్‌లో వేర్ అనే ఊళ్ళో మిల్లువాళ్ళు ముఖాలకు మసి పూసుకొని వచ్చి షెరీఫును బెత్తాలతో కొట్టి పంపారు. నేరం రుజువయ్యాక పడిన జరిమానా తలకు 20 షిల్లింగులు. బోస్టను రేవులో తేయాకు పారబోసింది ఆ మరుసటి యేడు. అమెరికా స్వాతంత్ర్య చరిత్రలో ఈ పైను చెట్ల అల్లరికి ఒక గౌరవస్థానం ఉంది.

ఎక్సెటర్‌లో వేసిన ఆ వేషం దగ్గర నేను కాస్త ఆగిపోయాను. ఆదివాసుల దుస్తులు అరువు తెచ్చుకున్నవారు ఏ వాగు మీద బతుకుతున్నారు? ఆ వాగు ఎవరిది?

*

జలపాతం మిల్లుకు శక్తి. అదే జలపాతం వాబనాకీ ప్రజలకు తిండి. ప్రతి వసంతంలోనూ సముద్రం నుంచి సాల్మన్, షాడ్, ఏల్‌వైఫ్ చేపలు గుడ్లు పెట్టడానికి నదులకు ఎదురీదుతూ వస్తాయి. మన గోదావరికి పులస ఎదురెక్కి వచ్చినట్టే. చలికాలపు నిల్వలు అయిపోయిన రోజుల్లో అవి వస్తాయి. జలపాతం కింద అవి గుమిగూడుతాయి గనుక పట్టుకోవడమూ అక్కడే. న్యూయిచవానక్ దగ్గరి జలపాతానికి స్థానికులు పెట్టిన పేరు క్వాంఫీగన్. చేపలను వలతో తోడే చోటు అని దానికి అర్థం చెబుతారు. 1643లో రోల్స్ అనే స్థానిక నాయకుడు విలియం చాడ్‌బోర్న్ కొడుకు హంఫ్రీకి అక్కడ భూమి అమ్మిన పత్రం ఉంది. భూమి అమ్మవచ్చు. ఆనకట్ట పడితే కట్టకు పైన, వాగు పొడుగునా ఉన్నవాళ్ళందరికీ చేప ఆగిపోతుంది. వాళ్ళెవరూ ఆ పత్రం మీద గుర్తు పెట్టినవారు కారు.

దీని గురించి ఎదురుగా వెళ్ళి అడిగిన మనిషి ఒకడు చరిత్రలో ఉన్నాడు. పేరు పోలిన్. మెయిన్‌లోని ప్రెసంప్‌స్కాట్ నది అతని ప్రజలది. 1730లలో థామస్ వెస్ట్‌బ్రూక్ అనే కర్నల్, రాజుగారి స్తంభాల కలప సేకరించే ఏజెంటు, ఆ నది మీద సముద్రానికి దగ్గరగా ఆనకట్ట కట్టించాడు. చేపలు ఆగిపోయాయి. 1739లో పోలిన్ నూరు మైళ్ళకు పైగా దూరాన ఉన్న బోస్టను వెళ్ళి గవర్నరు జొనాథన్ బెల్చర్ ఎదుట నిలబడ్డాడు. మిల్లులు తీసెయ్యమని అతను కోరలేదు. చేపలు వచ్చే కాలంలో వాటికి దారి విడవమన్నాడు. గవర్నరు న్యాయమేనన్నాడు. నది మీద మాత్రం మిల్లులు పెరుగుతూనే పోయాయి. 1756లో వలసవారితో జరిగిన పోరులో పోలిన్ చనిపోయాడు.

గోతిలోకి ఎవరు దిగారన్న నా ప్రశ్నకు ఇవి నాకు దొరికిన జవాబులు. డన్‌బార్ ఖైదీ కొన్నేళ్ళు దిగి, పైకి వచ్చి, భూమి సంపాదించుకున్నాడు. బార్బడోస్ బానిసకు ఆ గడువు లేదు. పోలిన్ ప్రజలకు ఇచ్చింది ఒక మాట.

ఇప్పుడు ఇంగ్లండు ఒడ్డుకు ఒకసారి తిరిగి వెళ్దాం. 1767 ప్రాంతాన చార్లెస్ డింగ్లీ అనే వర్తకుడు లండనులోని లైమ్‌హౌస్‌లో గాలితో నడిచే రంపపు మిల్లు కట్టించాడు. 1768 మే 10న కోతగాళ్ళు గుంపుగా వచ్చి దాన్ని ధ్వంసం చేశారు. మిల్లులు కూలగొట్టడాన్ని తీవ్రనేరం చేస్తూ 1769లో పార్లమెంటు చట్టం చేసింది. యంత్రచరిత్ర రాసేవారు సాధారణంగా ఆ కోతగాళ్ళను మూర్ఖుల కింద జమకడతారు. నేను అలా అనలేను. మిల్లు వస్తే గోతిలో నుంచి బయటపడతామని వారికి తెలుసు. బయటపడ్డాక ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు. అమెరికాలో పిట్‌మన్‌కు పొలం ఎదురుచూస్తూ ఉంది. ఆ పొలం ఎవరి నుంచి వచ్చిందో పైన చూశాము. లైమ్‌హౌస్‌లో అతనికి ఎదురుచూస్తున్నది ఆకలి. యంత్రం ఒకటే, ఒక ఒడ్డున దాన్ని పండగలా కట్టుకోవడానికీ, మరొక ఒడ్డున గొడ్డళ్ళతో కూల్చడానికీ కారణం ఈ తేడాయే.

పిట్‌మన్ పేరు గురించి చివరలో చెబుతానన్నాను. నీటిచక్రపు క్రాంకుకూ రంపపు చట్రానికీ మధ్య ఉండే ఆ కొయ్య కాడిని అమెరికా మిల్లువాళ్ళు ‘పిట్‌మన్’ అన్నారు. గోతిలో నిలబడి రంపాన్ని కిందికి లాగేవాడి పనే అది చేస్తోంది గనుక మనిషి పేరునే కర్రకు పెట్టారు. ఆ మాట అక్కడి నుంచి కోత యంత్రాలకు, నూనె బావుల పంపులకు, మోటారు బళ్ళకు పాకింది. నేడు విజయవాడ ఆటోనగర్‌లో జీపు స్టీరింగు విడిభాగాల జాబితా తీస్తే పిట్‌మన్ ఆర్మ్ అనే ఇనుప ముక్క కనిపిస్తుంది. దాన్ని బిగించే మెకానిక్కు జీపు కింద గోతిలో నిలబడి, తలెత్తి, కళ్ళలో దుమ్ము పడుతుండగా పని చేస్తాడు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి చెబితే నవ్వుతాడేమో.

ప్రెసంప్‌స్కాట్ నది సంగతి కూడా చెప్పి ముగిస్తాను. వెస్ట్‌బ్రూక్ కట్ట వేసిన ఆ జలపాతం దగ్గర తరువాతి కాలంలో స్మెల్ట్ హిల్ అనే ఆనకట్ట ఉండేది. దాన్ని 2002లో తొలగించారు. దానికి ఎగువన సాకరాపా దగ్గరి ఆనకట్టలను 2019లో తొలగించి, చేపలు ఎక్కడానికి దారి కట్టారు. పోలిన్ అడిగింది ఆ దారే. ఇచ్చేసరికి 280 ఏళ్ళు పట్టింది. సాకరాపా జలపాతం ఉన్న ఊరి పేరు వెస్ట్‌బ్రూక్. పేరు అదే ఉంది. వసంతంలో చేపలు ఇప్పుడు ఆ ఊరి నడుమ నుంచి పైకి వెళ్తున్నాయి.